వెనక్కి నడిచే బండి: ట్రాలీ లాగడం తొలిసారి నేర్చుకునేవారికి



ఈనాటి ప్రసంగంలో మనం ఒక బండి వెనక ఇంకో బండిని కట్టి లాగడం గురించి తెలుసుకుందాం. ఇందులో పెద్ద శాస్త్రమేముంది అనిపించవచ్చు. ముందుకు లాగినంతసేపూ నిజంగానే ఏమీ ఉండదు. వెనక్కి నడపవలసి వచ్చినప్పుడు, మలుపు తిరగవలసి వచ్చినప్పుడు, వాలులో ఆపవలసి వచ్చినప్పుడు మాత్రం మీ భౌతికశాస్త్ర పుస్తకంలోని అధ్యాయాలు ఒక్కొక్కటిగా రోడ్డు మీదికి వస్తాయి.

అమెరికాలోనూ యూరపులోనూ జనం సెలవులకి చిన్న ఇల్లు లాంటి ట్రైలరుని కారు వెనక తగిలించుకుని ఊళ్ళు తిరుగుతారు. విహారం కోసమే ప్రత్యేకంగా కట్టించుకున్న ఇలాంటి బండ్లలో మొదటిదిగా పేరుపడ్డది 1885లో ఇంగ్లండులో తయారైన 'వాండరర్'. గోర్డన్ స్టేబుల్స్ అనే వైద్యుడు దాన్ని చేయించుకున్నాడు. దాన్ని లాగినవి గుర్రాలు. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు ఇల్లు మారేటప్పుడో, పిల్లలతో అడవుల్లో విడిది చేయడానికో ట్రైలరు అద్దెకు తెచ్చుకుని, తొలిరోజు దాన్ని వెనక్కి నడపలేక చెమటలు కక్కుతుంటారు. మన దేశంలో ఆ బండి అరుదు. మన ట్రైలరు ట్రాక్టరు వెనక ట్రాలీ. సూత్రాలు రెండింటికీ ఒక్కటే.

ఈ పాఠానికి నేను సూరత్‌లోని పాండేసరని ఉదాహరణగా ఎంచుకున్నాను. పాండేసర గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ వాడ. ఉధ్నాకీ భేస్తాన్‌కీ పక్కనే ఉంటుంది. బట్టకి రంగులు వేసే మిల్లులు, అచ్చువేసే మిల్లులు అక్కడ వరసగా ఉంటాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి మగ్గాల పని మీద తరలివెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉన్నాయి. ఆ పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడుపుతోంది. ఇలాంటి వాడలో మీరు రోజూ చూసే దృశ్యం ఒకటుంది. రంగు పడని బట్ట తాకాలు టెంపోల్లో వచ్చి దిగుతాయి. అక్కడి నుంచి మిల్లు లోపల ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి చక్రాల ట్రాలీల మీద తిరుగుతాయి. కార్మికుడు ట్రాలీని, తిరిగే చక్రాలున్న వైపు ఒంటిచేత్తో పట్టుకుని లాగుతూ పోతే అది బుద్ధిగా వెంట వస్తుంది. అదే వైపు నుంచి అదే చేత్తో నెట్టి చూడమనండి. రెండడుగులు పోయేసరికి అవతలి కొస పక్కకి తిరిగి గోడకి కొట్టుకుంటుంది. రెండు చేతులూ వేసి, అటొకసారి ఇటొకసారి సర్దుతూ ఉంటే తప్ప నిటారుగా పోదు.

లాగితే స్థిరం, నెడితే అస్థిరం. పైకప్పు నుంచి వేలాడే గంటను పక్కకి నెడితే అది తిరిగి మధ్యకే వస్తుంది. అరచేతిలో నిలబెట్టిన కర్ర పక్కకి ఒరిగిందంటే ఇంకా ఒరుగుతుందే కాని లేవదు. ముందుకు పోయే ట్రాలీ మొదటి రకం, వెనక్కి పోయే ట్రాలీ రెండో రకం.

ఎంత వేగంగా ఒరుగుతుందో లెక్క కట్టవచ్చు. దీని వెనక చక్కని కథ ఉంది. 1670ల ప్రాంతంలో పారిస్‌లో క్లాడ్ పెరో అనే పండితుడు తన జేబు గడియారాన్ని బల్ల మీద పెట్టి, గొలుసు కొసని బల్ల అంచు వెంబడి లాగుతూ, 'ఈ గడియారం గీసే వంపు గీత ఏమిటి?' అని గణితజ్ఞులని అడిగాడట. దానికి జవాబుని లైబ్నిజ్ 1693లో ప్రచురించాడు. హైగెన్స్ కూడా ఆ రోజుల్లోనే ఈ గీతని పరిశీలించాడు. దాన్నే ట్రాక్ట్రిక్స్ అంటారు. లాగడం అని అర్థమిచ్చే లాటిన్ ధాతువు నుంచి పుట్టిన మాట అది. ట్రాక్టరు అన్న మాట కూడా అక్కడి నుంచి వచ్చిందే. అంటే ఆ గడియారం ట్రాలీ, ఆ గొలుసు నొగ, ఆ చెయ్యి ట్రాక్టరు.

ఈ ప్రసంగాన్ని అచ్చులో చదువుతున్నవారు ఒక కాగితం తీసుకోండి. ట్రాక్టరుకి ఒక చిన్న గీత, దాని వెనక కొక్కెం దగ్గర చుక్క, ఆ చుక్క నుంచి ట్రాలీకి ఇంకో గీత గీయండి. కొక్కెం నుంచి ట్రాలీ ఇరుసు దాకా దూరం 3 మీటర్లు అనుకుందాం. ట్రాలీ ట్రాక్టరుతో సరళరేఖలో లేకుండా 5 డిగ్రీలు పక్కకి ఉందనుకుందాం. ఐదు డిగ్రీలంటే కంటికి దాదాపు తెలియదు. ఇప్పుడు స్టీరింగు తిప్పకుండా ట్రాక్టరుని తిన్నగా వెనక్కి నడుపుతున్నాం. గణితం చెప్పేదేమిటంటే, నొగ పొడవంత దూరం వెనక్కి పోయిన ప్రతిసారీ సగం కోణపు టాంజెంటు 2.718 రెట్లు అవుతుంది. ఇంటర్మీడియట్ విద్యార్థులు ఈ సంఖ్యని గుర్తుపట్టే ఉంటారు. సహజ లాగరిథముల ఆధారం అదే. లెక్క వేయండి. మొదటి 3 మీటర్లకి 5 డిగ్రీలు దాదాపు 13న్నర అవుతుంది. ఇంకో 3 మీటర్లకి 36. ఇంకో 3 మీటర్లకి 82! అంటే 9 మీటర్లు వెనక్కి వచ్చేసరికి కంటికి ఆనని తేడా కాస్తా ట్రాలీని ట్రాక్టరుకి అడ్డంగా నిలబెట్టేస్తుంది. చాకుని మడిచినట్టు మడుచుకుపోయి, ట్రాలీ మూల ట్రాక్టరు టైరుకి తగులుతుంది.

ఈ లెక్కలోంచి రెండు సంగతులు వాటంతట అవే వస్తాయి. మొదటిది, చిన్న ట్రాలీయే కష్టం. నొగ పొడవు 3 మీటర్లకి బదులు ఒకటిన్నర మీటర్లయితే ఇదంతా నాలుగున్నర మీటర్లలోనే జరిగిపోతుంది. పెద్ద బండి కంటే చిన్న బండి తేలిక అనుకుని మొదలుపెట్టినవారు ఇక్కడే తెల్లబోతారు. కర్ర ఉదాహరణ గుర్తుచేసుకోండి. అరచేతిలో పొడవాటి కర్ర నిలుస్తుంది, పెన్సిలు నిలవదు. రెండోది, ఇదే లెక్క ముందుకు పోతున్నప్పుడు తలకిందులవుతుంది. 36 డిగ్రీలు మడుచుకున్న ట్రాలీని తిన్నగా 6 మీటర్లు ముందుకు లాగితే మళ్ళీ 5 డిగ్రీలకి వస్తుంది. అందుకే అనుభవమున్న డ్రైవరు వెనక్కి పోతూ పోతూ తేడా వచ్చిందనిపిస్తే స్టీరింగుతో కుస్తీ పట్టడు. ఆగి, నాలుగు గజాలు ముందుకు లాగి, మళ్ళీ మొదలుపెడతాడు. చూసేవాళ్ళు నవ్వుతారని కొత్తవాళ్ళు ఈ పని చేయడానికి సిగ్గుపడతారు. నా దృష్టిలో ఈ మొత్తం విద్యలో అన్నిటికంటే విలువైన మెళకువ ఇదే.

మరి స్టీరింగు ఎటు తిప్పాలి? ట్రాలీ వెనక భాగం ఎడమవైపుకి పోవాలంటే ట్రాక్టరు వెనక భాగం, అంటే కొక్కెం, కుడివైపుకి జరగాలి. అందుకని మొదట మామూలు వాహనాన్ని వెనక్కి నడిపేటప్పటికి వ్యతిరేకంగా తిప్పాలి. ట్రాలీ తిరగడం మొదలవగానే, ఆలస్యం చేయకుండా స్టీరింగుని రెండోవైపుకి తెచ్చి దాని వెంట పోవాలి. లేకపోతే అది తిరుగుతూనే ఉంటుంది. ఇదంతా మనసులో లెక్కించుకుంటే బుర్ర వేడెక్కుతుంది కాబట్టి డ్రైవర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. స్టీరింగు చక్రాన్ని పైన పట్టుకోకుండా అడుగున, గడియారంలో ఆరు అంకె ఉండే చోట, ఒక చేత్తో పట్టుకోండి. ట్రాలీ ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి. చెయ్యి ఎడమకి, ట్రాలీ ఎడమకి. కొంచెమే జరపాలి. మనిషి నడక కంటే నెమ్మదిగా పోవాలి. ఎందుకంటే ట్రాలీ ఒరిగే తీరు దూరాన్ని బట్టి ఉంటుంది, మీరు సర్దుకోవడానికి కావలసింది సమయం. నెమ్మదిగా పోతే అదే దూరానికి ఎక్కువ సమయం దొరుకుతుంది.

ఇంతవరకు చెప్పింది రెండు చక్రాల ట్రాలీ సంగతి. నాలుగు చక్రాల ట్రాలీకి ముందు ఇరుసు కూడా నొగతో పాటు తిరుగుతుంది. అంటే కీళ్ళు రెండు. ఒక కర్ర కొసన ఇంకో కర్రని నిలబెట్టి అరచేతిలో ఆడించడం లాంటిది. దాన్ని వెనక్కి నడపగలిగిన డ్రైవర్లు మన పల్లెల్లో ఉన్నారు. వారికి నమస్కరించి, నేర్చుకునేవారు దాని జోలికి పోకుండా ఉండటమే మంచిది.

ఇక బరువు ఎలా వేయాలి? ఈ సంగతి మన ఎడ్లబండివాళ్ళకి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు. గడ్డో, బస్తాలో వేసేటప్పుడు బండి కొంచెం ముందుకే మొగ్గాలి. కాడి ఎద్దుల మెడ మీద కాస్త ఒత్తాలి. వెనక బరువెక్కువైతే నొగలు పైకి లేచి, మెడ కింద తాడు బిగుసుకుని ఎద్దు ఊపిరాడక నిలబడిపోతుంది. మరీ ముందుకు వేస్తే మెడ పుండు పడుతుంది. ట్రైలరుకి కూడా ఇదే నియమం. కారు లాగే చిన్న ట్రైలరులో మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా కొక్కెం మీద పడాలని అమెరికాలో చెబుతారు. ఎద్దుకి బదులు యంత్రం వచ్చేసరికి తప్పు చేస్తే అరిచేవారు లేకపోయారు, అంతే.

వెనక బరువెక్కువైతే యంత్రానికి జరిగేది రెండు రకాలు. ట్రాక్టరులాంటి నెమ్మది బండికైతే కొక్కెం పైకి లేచి, ట్రాక్టరు వెనక చక్రాల మీది ఒత్తిడి తగ్గుతుంది. నేల మీద పట్టు తగ్గుతుంది. ఎక్కుడులో చక్రాలు గిర్రున తిరుగుతాయి. దిగుడులో బ్రేకు వేస్తే జారుతుంది. కారులాంటి వేగమైన బండికైతే ట్రైలరు పాములాగా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఒక వేగం దాటాక ఆ ఊపు తనంతట తాను తగ్గదు, పెరుగుతుంది. అప్పుడు గట్టిగా బ్రేకు వేయడమూ, స్టీరింగుతో ఎదురు తిప్పడమూ రెండూ ప్రమాదమే. కాలు యాక్సిలరేటరు మీద నుంచి తీసేసి, స్టీరింగుని తిన్నగా పట్టుకుని, వేగం దానంతటదే తగ్గనివ్వాలి. దీన్ని కదిలే పట్టా మీద బొమ్మ కారూ బొమ్మ ట్రైలరూ పెట్టి చూపిస్తారు. చిన్న తూకపు ముక్కని ట్రైలరులో ముందు నుంచి వెనక్కి జరిపేసరికి, అప్పటిదాకా నిశ్చలంగా ఉన్న బొమ్మ గిలగిలా కొట్టుకుంటుంది.

బ్రేకుల దగ్గరికి వద్దాం. మన ట్రాలీల్లో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. ట్రాక్టరు బ్రేకులే రెండింటినీ ఆపాలి. ట్రాక్టరు బరువు 2 టన్నులు, సరుకుతో కలిపి ట్రాలీ 4 టన్నులు, టైరుకీ రోడ్డుకీ మధ్య ఘర్షణ గుణకం 0.5 అనుకుందాం. ట్రాక్టరు బరువంతా బ్రేకున్న చక్రాల మీదే ఉందని కూడా ఉదారంగా ఒప్పుకుందాం. ట్రాక్టరు ఒక్కటే గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే బ్రేకు పడ్డాక దాదాపు 3 మీటర్లలో ఆగుతుంది. ట్రాలీతో కలిసి ఉంటే అదే బలం మూడు రెట్ల బరువుని ఆపాలి కాబట్టి తొమ్మిదిన్నర మీటర్లు కావాలి. వేగం 40 అయితే దాదాపు 38 మీటర్లు. డ్రైవరు కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను పడితే దానికి ఇంకో 11 మీటర్లు కలపండి. ఈ లెక్క చదునైన, పొడి రోడ్డుకి. వాన పడితే, వాలు ఉంటే ఇంకా ఎక్కువ. పైగా బ్రేకు వేసినప్పుడు వెనక నుంచి 4 టన్నులు నెడుతుంటుంది. నెడితే ట్రాలీ ఏమవుతుందో మనం చూసేశాం, మడుచుకుపోతుంది. అందుకే దిగుడు మొదలవకముందే తక్కువ గేరులోకి మార్చుకోవాలి. దిగుతూ క్లచ్చి తొక్కకూడదు, న్యూట్రల్‌లో వదలకూడదు. డీజిలు మిగులుతుందని అలా వదిలేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది.

మలుపు సంగతి చిన్న లెక్కతో తేలిపోతుంది. కొక్కెం 6 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిరుగుతోంది, నొగ నుంచి ఇరుసుకి 4 మీటర్లు అనుకోండి. పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం ట్రాలీ ఇరుసు తిరిగే వ్యాసార్ధం దాదాపు 4.5 మీటర్లు. అంటే ట్రాలీ చక్రాలు మలుపు లోపలివైపుకి ఒకటిన్నర మీటరు జరిగి పోతాయి. పాండేసరలాంటి వాడలో షిఫ్టు మారే వేళ రోడ్డంతా నడిచేవాళ్ళూ సైకిళ్ళే. ఇసుక ట్రాలీయో, నీళ్ళ ట్యాంకరో లాగుతూ ట్రాక్టరు మూల తిరుగుతుంటే, ట్రాక్టరు దాటిపోయింది కదా అని సైకిలువాడు లోపలివైపు అడుగు ముందుకేస్తాడు. ఆ ఒకటిన్నర మీటరు అతనున్న చోటే. నడిపేవాడు వెడల్పుగా తీసుకుని తిరగాలి, మలుపు పూర్తయ్యేదాకా లోపలివైపు అద్దం మీది నుంచి చూపు తీయకూడదు. నడిచిపోయే మీరు, ట్రాక్టరుకి తోక ఉందో లేదో చూసుకుని ఆగాలి.

సూరత్‌లో చదివే పిల్లలు చాలామంది వేసవిలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగి, తాతగారి ఊళ్ళకి పోతారు. అక్కడ మామయ్య ట్రాక్టరు ఉంటుంది. 'ఏం బిడ్డా, నడుపుతావా?' అని అడుగుతాడు. పదిహేనేళ్ళ పిల్లవాడికి ఆ మాట ఎంత సంతోషమో నాకు తెలుసు. కాని 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండకుండా బహిరంగ స్థలంలో ట్రాక్టరు నడపకూడదు. నిండినా ముందు లెర్నర్ లైసెన్సు కావాలి. ఆ చట్టంలో ట్రైలరుకి వేరే నిర్వచనం ఉంది, వేరే రిజిస్ట్రేషను ఉంది. ట్రాక్టరు లైసెన్సు ఉన్నవాడు దానికి ట్రైలరు తగిలించినంతమాత్రాన లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లో నాగశెట్టి కేసులో చెప్పింది. తగిలించిన ట్రాలీలో మనుషులని ఎక్కించడం వేరే సంగతి. ట్రాలీ సరుకుకోసం. అందులో కూర్చుని ప్రయాణం చేసేవారికి సాధారణంగా బీమా రక్షణ ఉండదు.

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలికి పోతున్న స్త్రీలని ఎక్కించుకున్న ట్రాక్టరు ట్రాలీతో సహా మూసీ కాలువలో పడిపోయింది. పదిహేనుమంది చనిపోయారు. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశ్‌లో కాన్పూర్ జిల్లా ఘాటంపూర్ ప్రాంతంలో గుడికి వెళ్ళి వస్తున్నవారి ట్రాలీ చెరువులో బోల్తా పడి ఇరవై ఆరుగురు పోయారు. ఎక్కువమంది స్త్రీలు, పిల్లలు. ట్రాలీ బోల్తా పడితే లోపలున్నవారు దాని కిందికే పోతారు. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, బయటికి దూకడానికి సమయం ఉండదు. కూలీలకి వేరే వాహనం ఏదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పవలసింది డ్రైవరు ఒక్కడే కాదు.

నేర్చుకునే పద్ధతి చెప్పి ముగిస్తాను. కోత అయిపోయిన, గట్లు దూరంగా ఉన్న, చదునైన చెలక చూసుకోండి. పక్కన కాలువ ఉండకూడదు, పైన కరెంటు తీగలు ఉండకూడదు. ట్రాలీ ఖాళీగా ఉండాలి. నేర్పేవారు మడ్‌గార్డు మీద కూర్చోకుండా, మీకు కనిపించేలా పక్కన నేల మీద నిలబడి చేత్తో సైగ చేయాలి. ఆయన కనిపించకపోతే బండి ఆపడమే. ట్రాలీ తగిలించేటప్పుడు చక్రాల కింద రాళ్ళు పెట్టండి. ట్రాక్టరు కదులుతుండగా రెండింటి మధ్యలో మనిషి నిలబడకూడదు. పూర్తిగా ఆగి, హ్యాండు బ్రేకు పడ్డాకే మధ్యలోకి వెళ్ళి పిన్ను వేయాలి. పిన్ను జారిపోకుండా కింద క్లిప్పు, తోడుగా గొలుసు. తరవాత రాళ్ళు తీసి అడుగు దూరం మెల్లగా లాగి చూడాలి. నొగని ట్రాక్టరుకి కింద ఉండే కొక్కేనికే తగిలించాలి. ఇరుసు కంటే ఎత్తులో ఎక్కడ కట్టి లాగినా ట్రాక్టరు ముందు చక్రాలు లేచి, వెనక్కి నడిపేవాడి మీదికే తిరగబడుతుంది.

తొలిరోజు వెనక్కి నడపవద్దు. ముందుకు లాగుతూ ఎనిమిది అంకె ఆకారంలో తిప్పండి. మట్టిలో ట్రాక్టరు చక్రాల గుర్తులూ, ట్రాలీ చక్రాల గుర్తులూ వేరువేరుగా పడతాయి. దిగి, ఆ రెండు గీతల మధ్య దూరం టేపుతో కొలవండి. పైథాగరస్ చెప్పినదానికి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. రెండోరోజు రెండు కర్రలు పాతి, వాటి మధ్యకి తిన్నగా వెనక్కి తీసుకురండి. మూడు మీటర్లు పోయి ఆగండి. ముందుకు లాగండి. మళ్ళీ పోండి.

పద్దెనిమిదేళ్ళు నిండనివారికి ఇంట్లో చేయడానికి ఒక ప్రయోగం. రెండు అగ్గిపెట్టెలు, నాలుగు సీసా మూతలు, ఒక గుండుసూది చాలు. ముందు పెట్టెకి రెండు మూతలు, వెనక పెట్టెకి రెండు మూతలు చక్రాలుగా బిగించండి. వెనక పెట్టెకి ఒక చీపురుపుల్లని నొగలా అతికించి, దాని కొసని గుండుసూదితో ముందు పెట్టెకి గుచ్చండి. గుండుసూది నుంచి వెనక పెట్టె చక్రాల ఇరుసు దాకా దూరం ఒకసారి 5 సెంటీమీటర్లు, ఇంకోసారి 10 సెంటీమీటర్లు ఉండేలా చేసి, ముందు పెట్టెని స్కేలు వెంబడి తిన్నగా వెనక్కి నెట్టండి. 5 డిగ్రీల కోణం 36 డిగ్రీలు కావడానికి ఎంత దూరం పట్టిందో రెండుసార్లూ కోణమానినితో కొలిచి రాసుకోండి. రెండో దూరం మొదటిదానికి రెట్టింపు రావాలి. రాకపోతే చక్రాలు పక్కకి జారుతున్నాయన్నమాట. మూతల అంచుకి రబ్బరు బ్యాండు చుట్టి మళ్ళీ చేయండి.